ఈసారి ప్రయాణం ఎక్కడికి? - ఒక ధర్మసందేహం



విజయదశమి నాటి ఆచారాలలో సీమోల్లంఘనం ఒకటి. ఆ సాయంత్రం ఊరి పొలిమేర దాటి వెళ్ళి, జమ్మిచెట్టుకు ప్రదక్షిణం చేసి, తెలంగాణలో అయితే పాలపిట్టను కూడా చూసి, జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి నమస్కరించడం మనవాళ్ళ పద్ధతి. వానలు తగ్గాయి, దారులు ఆరాయి, ఇక రాజులు దండయాత్రకూ, వర్తకులు బేరాలకూ, భక్తులు తీర్థాలకూ బయలుదేరవచ్చునని ఆ ఆచారం వెనక ఉన్న భావం. ఆ లెక్కన దసరా ప్రయాణాల పండుగ కూడా.

ఇక్కడ లెపర్డ్స్‌టౌన్ చుట్టుపక్కల మన ఇళ్ళలోనూ సరిగ్గా ఈ రోజుల్లోనే ఒక చర్చ మొదలవుతుంది. ఒక చేతిలో పిల్లల స్కూలు క్యాలెండరు, ఇంకో చేతిలో ఆఫీసు సెలవుల లెక్క, ఎదురుగా విమానం టికెట్ల ధరలు. "ఈసారి ఎక్కడికి?" అన్నది ప్రశ్న. పిల్లలు స్పెయిన్ అంటారు, ఇంటావిడ కాశీ అంటుంది, ఇంటాయన ఆల్ప్స్ కొండలు అంటాడు, ఫోనులో అమ్మమ్మ మాత్రం ఏమీ అనదు.

చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కాని ఐర్లండు చట్టం ప్రకారం పూర్తికాలం ఉద్యోగికి తప్పనిసరిగా దక్కే వార్షిక సెలవు నాలుగు పని వారాలు. కొన్నిచోట్ల ఇంకొంచెం ఎక్కువ ఇస్తారు, అంతే. దుబాయిలోనో దోహాలోనో విమానం మారి, ఊరు చేరి, అందరినీ చూసి రావాలంటే అందులో మూడు వారాలు అక్కడే చెల్లిపోతాయి. నలుగురున్న కుటుంబానికి టికెట్ల ఖర్చు సంగతి అందరికీ తెలిసిందే. కనుక ఈ ఏడు ఒకచోటికి వెళ్తామని అనుకున్నామంటే, మరొకచోటికి వెళ్ళడం లేదని చెప్పినట్టే. ఆ మరొకచోట ఎవరో మనకోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. అందుకే దీన్ని ధర్మసందేహం అంటున్నాము.

మహాభారతంలో యక్షుడు ధర్మరాజును సుఖపడేవాడెవడని అడిగాడు. అప్పు లేనివాడు, పరదేశంలో ఉండనివాడు, పొద్దుపోయాకైనా సొంత ఇంట్లో ఇంత ఆకుకూర వండుకుని తినేవాడు అని ధర్మరాజు సమాధానం చెప్పాడు. ఆ పరీక్షలో మన మార్కులు చూసుకుంటే, ఇంటి మీద పాతికేళ్ళ అప్పు, ఉండేది పరదేశం, రెండు పేపర్లు పోయినట్టే. మిగిలింది ఆకుకూర. అదీ షాపులో గోంగూర కట్ట దొరికిన వారమే. ఇలాంటి మనకు ఒక్కొక్క ప్రయాణం బరువైనది కావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

పెద్దలు ఎలా నిర్ణయించుకునేవారు?

మన పెద్దలకు ఈ విషయంలో చాలా పద్ధతులు ఉండేవి. మొదటిది మొక్కు. పిల్లవాడికి జబ్బు చేస్తే తగ్గాక కొండకు వస్తామని వేంకటేశ్వరస్వామికి మొక్కుకునేవారు. ఇక ఆ తరువాత ఎక్కడికి అన్న ప్రశ్నే లేదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, ఏదో ఒక దారిన ఎక్కడమే. రెండవది పిలుపు. స్వామి పిలిస్తేనే వెళ్ళగలం, ఆయన పిలవందే అన్నీ సిద్ధమైనా గడప దాటలేం అని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు.

మూడవది గ్రహచారం. బృహస్పతి ఏ రాశిలో ప్రవేశిస్తే ఆ రాశికి చెందిన నదికి పుష్కరాలు. సింహరాశికి గోదావరి, కన్యారాశికి కృష్ణ. 2015లో గోదావరికి, 2016లో కృష్ణకు పుష్కరాలు జరిగాయి. పన్నెండేళ్ళ లెక్కన గోదావరికి 2027, కృష్ణకు 2028. ఎక్కడికో, ఎప్పుడో ఆకాశమే నిర్ణయిస్తుంది. మనం చేయవలసిందల్లా మూట కట్టుకోవడం. నాలుగవది వారశూల. సోమ, శనివారాలు తూర్పుకు, గురువారం దక్షిణానికి, శుక్ర, ఆదివారాలు పడమరకు, మంగళ, బుధవారాలు ఉత్తరానికి ప్రయాణం కూడదు. డబ్లిన్ నుంచి హైదరాబాదు తూర్పు దిక్కే. స్కూలుకు సెలవులివ్వగానే శనివారం విమానం ఎక్కే మనలో ఎంతమందిమి వారశూలలో ప్రయాణం చేస్తున్నామో లెక్కపెట్టకపోవడమే మంచిది. అయినా పెద్దలు దానికీ ఒక ఉపాయం పెట్టారు. మంచి ముహూర్తానికి ఒక వస్త్రమో, ఒక సామానో ముందుగా పక్కింట్లో పెట్టి, దాన్ని పరస్థానం అనేవారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క.

వీటిని మూఢనమ్మకాలని కొట్టిపారేసేవాళ్ళు ఉంటారు, అక్షరాలా పాటించేవాళ్ళూ ఉంటారు. ఆ వాదనలోకి మేము వెళ్ళడం లేదు. ఈ పద్ధతులన్నిటిలోనూ ఉన్న ఒక సామాన్య గుణాన్ని మాత్రం గమనించమంటాము. ప్రయాణం నిర్ణయించే అధికారాన్ని అవి మన కోరిక చేతిలోనుంచి కాస్త బయటికి తీసుకున్నాయి. నాకేం కావాలి అన్న ప్రశ్న ఒక్కటే అన్నీ తేల్చకూడదన్నది వాటి సారాంశం.

అలాగని కోరికకు చోటే లేదనుకోనక్కరలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుంచి పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దాదాపు పదిహేనున్నర నెలలు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనే కాలమది. ఆయన దారిపొడుగునా చూసిన ఊళ్ళు, బాటలు, నీటి వసతి, దొరికే వస్తువులు, జనుల ఆచారాలు అన్నీ తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి తెలియజేస్తూ వచ్చారు. పిళ్ళగారు 1838లో దాన్ని అచ్చువేయించారు. అదే కాశీయాత్ర చరిత్ర. పుణ్యం కోసం బయలుదేరిన మనిషికి లోకాన్ని చూడాలన్న కుతూహలం అడ్డు రాలేదు. భక్తీ ఆసక్తీ ఒకే పల్లకీలో కాశీ వెళ్ళి వచ్చాయి.

మనం ఎలా నిర్ణయించుకుంటున్నాం?

ఇక మన సంగతి. మొదటి పద్ధతి ధర. డబ్లిన్ నుంచి యూరపులో ఏ మూలకైనా చౌకగా టికెట్లు దొరికే రోజులు ఉంటాయి. ఎక్కడికి తక్కువ ధర ఉంటే అక్కడికే వెళ్దామనుకుంటాం. ఇందులో తప్పేమీ లేదు. కాని మనం ఏ దేశం చూడాలో విమానం కంపెనీవారు నిర్ణయించారన్నమాట. రెండవది జాబితా. చనిపోయేలోగా చూడవలసిన ప్రదేశాలంటూ ఎవరో రాసిన పట్టికలో టిక్కులు పెట్టుకుంటూ పోవడం. అది ఎప్పటికీ పూర్తికాదు, ఎక్కడా నిలవనివ్వదు కూడా. మూడవది పోలిక. వాళ్ళు వెళ్ళారు కాబట్టి మనమూ వెళ్ళాలి. నాలుగవది ఓటింగు. ఇంట్లో నలుగురూ చేతులెత్తుతారు. ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని ఓటు వేసేది ఆ గదిలో ఉన్నవాళ్ళు మాత్రమే. ఐదు వేల మైళ్ళ అవతల ఉన్నవాళ్ళకు ఆ ఎన్నికలో ఓటు లేదు.

ఐదవది వంతు. ఒక ఏడు ఇండియా, ఒక ఏడు మరో దేశం. ఇండియా వెళ్ళినప్పుడు కూడా ఇన్ని రోజులు ఆయన ఊరు, అన్ని రోజులు ఆవిడ ఊరు. వంతు పద్ధతి గొడవలు రాకుండా చూస్తుంది. కాని మనుషుల ఆరోగ్యం వంతుల ప్రకారం నడవదు. పైగా చాలా ఇళ్ళలో మెట్టినింటి వాటా పదిహేను రోజులు, పుట్టింటి వాటా నాలుగు రోజులు. ఎందుకని అడిగితే అదంతే అన్న జవాబు తప్ప వేరే కారణం ఉండదు.

మనముంటున్న ఈ దేశంలోనే ఇంకో పద్ధతి ఉండేది. పూర్వం ఐర్లండులో కొందరు సాధువులు దైవం కోసం పుట్టిన నేలను విడిచిపెట్టడాన్ని ఒక తపస్సుగా భావించేవారు. కొలంబా అనే మహనీయుడు 563లో సముద్రం దాటి స్కాట్లండు పక్కనున్న అయోనా ద్వీపానికి వెళ్ళి మఠం స్థాపించాడు. 891లో ముగ్గురు ఐర్లండు మనుషులు తోళ్ళతో చేసిన పడవలో, తెడ్లు లేకుండా, ఏడు రోజులకు సరిపడా తిండితో సముద్రంలోకి వెళ్ళారట. ఏడవ రోజుకు ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరం చేరి, అక్కడి నుంచి ఆల్ఫ్రెడ్ రాజు దగ్గరికి వెళ్ళారని ఆ కాలపు ఆంగ్లో సాక్సన్ వృత్తాంతంలో ఉంది. దైవప్రీతి కోసం యాత్ర చేయాలి, ఎక్కడికన్నది తమకు పట్టింపు లేదు అన్నది వాళ్ళ ఉద్దేశం. మన పరివ్రాజకులు చదివితే మెచ్చుకునే మాట ఇది.

అయితే మన ధర్మం సన్న్యాసికి ఒక దారి, గృహస్థుకు ఒక దారి చెప్పింది. తెడ్లు లేని పడవ ఎక్కే స్వేచ్ఛ సన్న్యాసిది. గృహస్థు పడవలో పిల్లలు కూర్చుని ఉంటారు, ఒడ్డున తల్లిదండ్రులు నిలబడి ఉంటారు. అతను తెడ్డు పట్టుకోక తప్పదు, ఎటు వేయాలో ఆలోచించకా తప్పదు.

ఎంచుకోగలగడం కూడా ఒక భాగ్యమే. మనముండే ఊరి పేరే ఆ మాట చెబుతుంది. లెపర్డ్స్‌టౌన్ పేరులో ఉన్నది చిరుతపులి కాదు. ఐరిష్ భాషలో ఈ ఊరి పేరుకు కుష్ఠురోగుల ఊరు అని అర్థం. మధ్యయుగాల్లో డబ్లిన్ నగరంలోని సెయింట్ స్టీఫెన్ కుష్ఠు వైద్యశాలకు ఇక్కడ భూములు ఉండేవి. ఆ మాట నోళ్ళలో నలిగి నలిగి లెపర్డ్ అయింది. తరువాత 1888లో గుర్రప్పందేల మైదానం వచ్చింది, 1917లో మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం ఆసుపత్రి వచ్చింది, 2010లో లువాస్ రైలు వచ్చింది. ఆ రోగులనూ, ఆ సైనికులనూ మీరు ఎక్కడికి వెళ్తారని ఎవరూ అడగలేదు. 1840లలో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి కరువు వచ్చినప్పుడు ఓడలెక్కిన లక్షలాది ఐర్లండు ప్రజలకూ ఎంచుకునే వీలు లేదు. సోఫాలో కూర్చుని స్పెయినా, కాశీయా అని వాదించుకోగలుగుతున్నామంటే అది మన పూర్వజన్మ సుకృతమనే అనుకోవాలి. భాగ్యం ఉన్నచోట బాధ్యత కూడా ఉంటుంది.

ఆగలేనివారు ఎవరు?

యక్షుడు అడిగిన ప్రశ్నల్లోనే, రోగికి మిత్రుడెవరంటే వైద్యుడు అన్న సమాధానం ఉంది. మేము ఆ వృత్తిలో ఉన్నవాళ్ళం కాబట్టి మా వృత్తిలోని ఒక పద్ధతిని ఇక్కడ మనవి చేస్తాము.

ఇక్కడి ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీకి వెళ్ళినవారందరికీ ట్రయాజ్ అంటే ఏమిటో తెలుసు. ముందు వచ్చినవాడిని ముందు చూడరు. గట్టిగా అరిచినవాడినీ ముందు చూడరు. ఒక నర్సు ప్రతి ఒక్కరినీ పరీక్షించి ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం అని ఐదు రంగుల్లో ఏదో ఒకటి కేటాయిస్తుంది. ఆమె మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే. వీరిలో ఆగలేనివారు ఎవరు? కాలు బెణికినవాడికి నొప్పి నిజమే. కాని అతను రెండు గంటలు ఆగగలడు. గుండెనొప్పి వచ్చినవాడు ఆగలేడు.

మన ప్రయాణాలకు కూడా ఈ ప్రశ్న సరిపోతుందని మా అభిప్రాయం. ఈసారి ఎక్కడికి అని కాకుండా, ఈసారి ఆగలేనిది ఏది అని అడిగి చూడండి. ఆల్ప్స్ కొండలు ఆగగలవు. ఈఫిల్ టవరు 1889 నుంచి అక్కడే నిలబడి ఉంది, వచ్చే ఏడూ ఉంటుంది. కాశీ ఎంతకాలంగా ఆగి ఉందో చెప్పనక్కరలేదు. ఆగలేనివి ముఖ్యంగా మూడు కనిపిస్తాయి.

మొదటిది పెద్దవాళ్ళ ఆయువు. ఊళ్ళో డెబ్బై ఐదేళ్ళ తల్లి ఉంది, మనం రెండేళ్ళకొకసారి వెళ్తున్నాం అనుకుందాం. ఆమె ఎనభై ఐదు వరకు ఆరోగ్యంగా ఉంటుందని ఆశపడినా, ఇక చూసేది ఐదుసార్లు. ఒక్కొక్కసారి మూడు వారాలు. మొత్తం కలిపితే నాలుగు నెలలు కూడా లేదు. చెడ్డవార్త ఫోను వచ్చినప్పుడు మనలో ఎవరికైనా గంటలో టికెట్టు దొరుకుతుంది. సెలవు దొరుకుతుంది, డబ్బూ దొరుకుతుంది. మేనేజరు ఒక్క మాట అనడు. అదే మనిషి మాట్లాడగలిగిన రోజుల్లో, చేయి పట్టుకుని నడవగలిగిన రోజుల్లో ఆ సెలవును ఎలా సంపాదించాలన్నదే అసలు ప్రశ్న.

రెండవది పిల్లల బాల్యం. ఇది మనం మరచిపోయే విషయం. ఏడేళ్ళ పిల్ల తాతయ్య వేలు పట్టుకుని చెరువుగట్టుకు వెళ్తుంది. పదిహేడేళ్ళు వచ్చాక లీవింగ్ సర్ట్ పరీక్షలు, స్నేహితులు, పార్ట్‌టైమ్ ఉద్యోగం. అప్పుడు రమ్మన్నా రాదు. తాతగారి దగ్గర తెలుగు నేర్చుకునే వయసు కూడా ఆగేది కాదు. అలాగే నాన్నతో కలిసి మొదటిసారి సముద్రంలో దిగడానికీ ఒక వయసు ఉంటుంది. అందుకని పిల్లలు స్పెయిన్ అంటే కసురుకోవద్దు. అందులోనూ ఆగలేనిది కొంత ఉంది.

మూడవది మన శరీరం. పిల్లలు స్థిరపడ్డాక, అప్పు తీరాక, రిటైరయ్యాక కేదారనాథ్ వెళ్దామని చాలామంది అనుకుంటారు. అది 3,583 మీటర్ల ఎత్తు. అక్కడ గాలిలో ఆక్సిజన్ పలుచన. మోకాళ్ళు అరిగి, గుండెకు స్టెంటు వేశాక ఆ కొండ ఎక్కడం వేరే సంగతి. తిరుమల మెట్లదారిలో మోకాళ్ళ పర్వతానికి ఆ పేరు ఊరికే రాలేదు. కాళ్ళతో చేయవలసిన యాత్రలు కాళ్ళున్నప్పుడే చేయాలి. సీటులో కూర్చుని చూసే ఊళ్ళు తరువాతకు ఉంచుకోవచ్చు.

బాగానే ఉన్నాం నాయనా

ట్రయాజ్‌లో ఒక కష్టం ఉంది. అరిచేవాడు కనిపిస్తాడు, మూలన కూర్చున్నవాడు కనిపించడు. ఇక్కడి పెద్దవాళ్ళను ఎలా ఉన్నారని అడిగితే ఐయామ్ గ్రాండ్ అంటారు. పక్కటెముక విరిగినా గ్రాండే, మూడు రోజులుగా అన్నం సహించకపోయినా గ్రాండే. ఆ మాట విని వెళ్ళిపోయే డాక్టరు మంచి డాక్టరు కాడు. మన అమ్మానాన్నలది కూడా అచ్చం ఇదే భాష. "మేం బాగానే ఉన్నాం నాయనా, మీరు ఖర్చు పెట్టుకుని రావద్దు, పిల్లల చదువులు చూసుకోండి." ఈ మాట నిజమని తీసుకోవడం మనకు సౌకర్యం. పిల్లలు స్పెయిన్ అని అరుస్తారు, చౌక టికెట్టు మెరుస్తూ పిలుస్తుంది, తల్లి మాత్రం రావద్దంటుంది. ఓటింగు పెడితే ఎవరు ఓడిపోతారో చెప్పనక్కరలేదు.

అందుకని రావాలా వద్దా అని అడగకండి. ఆ ప్రశ్నకు వాళ్ళ జవాబు మనకు ముందే తెలుసు. డాక్టరు రోగిని అడిగినట్టు అడగండి. "బజారుకు మీరే వెళ్తున్నారా? ఆఖరుసారి గుడికి ఎప్పుడు వెళ్ళారు? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? మేమొస్తే ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?" అని. ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు మీకు ఆశ్చర్యం కలిగించవచ్చు. ఎప్పుడో అమ్మేసిన పాత ఇంటిని ఒకసారి బయటినుంచి చూడాలని ఒక తల్లికి ఉండవచ్చు. ఊరు మారిన తమ్ముణ్ణి చూడాలని ఒక తండ్రికి ఉండవచ్చు. అక్కడేముందని మనకు అనిపిస్తుంది. శ్రవణకుమారుడి తల్లిదండ్రులకు చూపు లేదు. తీర్థాలకు వెళ్ళి మీరేం చూస్తారని ఆ కొడుకు అడగలేదు. కావడి భుజాన వేసుకున్నాడు.

ఇంకో మాట. ఊరికి వెళ్ళడం, మనుషుల దగ్గరికి వెళ్ళడం ఒకటి కాదు. మూడు వారాల్లో బ్యాంకు పని, భూమి కాగితాలు, పంటి డాక్టరు, పట్టుచీరలు, రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం ఉంటే అమ్మతో కూర్చున్న గంటలు ఎన్ని? ఎంత దూరం వచ్చారన్నది కాదు, ఎంతసేపు కూర్చున్నారన్నదే పెద్దవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. వీలైతే వాళ్ళనే ఇక్కడికి రప్పించవచ్చు. మామూలు సందర్శక వీసా మీద తొంభై రోజుల వరకు ఉండనిస్తారు. కాని డిసెంబరులో పిలిస్తే సాయంత్రం నాలుగింటికే చీకటి, గదిలో బందీలవుతారు. మే, జూన్ నెలల్లో పిలిస్తే రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, డన్ లేరీ సముద్రపు ఒడ్డున హాయిగా నడుస్తారు.

రెండు అభ్యంతరాలు

ఎప్పుడూ ఆగలేనివారినే చూస్తూ పోతే, ఆగగలిగినవారి గతి ఏమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఎమర్జెన్సీలో నీలం రంగు పడ్డ మనిషి రాత్రంతా కుర్చీలో కూర్చుంటాడు. చాలా ఇళ్ళలో ఆ కుర్చీలో కూర్చున్నది ఇల్లాలే. అత్తగారి మోకాలి ఆపరేషను, మామగారి కంటి ఆపరేషను, పిల్లల పరీక్షలు అయ్యాయి. ఆమె అడిగిన కాశీ పదేళ్ళుగా ఆగుతూనే ఉంది. ట్రయాజ్‌లో దీనికి కూడా నియమం ఉంది. ఆగమన్నవారిని మళ్ళీ మళ్ళీ పరీక్షించాలి. ఆకుపచ్చ కాస్తా గంట తరువాత నారింజ కావచ్చు. పదేళ్ళు ఆగిన కోరిక ఇక చిన్నది కాదు, ఇంటావిడ తండ్రికి పక్షవాతం వస్తే వంతుల లెక్క చెల్లదు. సంతోషం కోసం చేసే ప్రయాణం కూడా ఏదో ఒకనాటికి వరుసలో ముందుకు రావాలి. వీరాస్వామయ్యగారి కుతూహలం పాపం కాదు, మనదీ కాదు.

అసలు వెళ్ళడానికే వీలులేనివారి సంగతి ఏమిటన్నది రెండవ అభ్యంతరం. కొత్త ఉద్యోగం, రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్, నెలలు నిండిన గర్భం, చేతిలో లేని డబ్బు. ఇలాంటివారికి ధర్మం పేరు చెప్పి మనసు కష్టపెట్టడం మా ఉద్దేశం కాదు. మొన్న వినాయక చవితినాడు అందరమూ అక్షతలు చేతిలో పట్టుకుని విన్న కథ ఇలాంటివారి కోసమే. ముల్లోకాల్లోని పుణ్యనదుల్లో స్నానం చేసి ముందుగా వచ్చినవారికి విఘ్నాధిపత్యం ఇస్తానని శివుడు అన్నాడు. కుమారస్వామి నెమలి ఎక్కి వెళ్ళాడు. వినాయకుడు మాత్రం నా అశక్తత మీకు తెలియనిదా అని తండ్రినే ఉపాయం అడిగి, నారాయణమంత్రం జపిస్తూ తల్లిదండ్రులకు ప్రదక్షిణం చేశాడు.

ఈ కథను కుమారస్వామి తెలివితక్కువతనంగా చెప్పడం మామూలు. మాకు అలా అనిపించదు. వెళ్ళమన్నది తండ్రే, వెళ్ళగల శక్తి కొడుక్కు ఉంది, వెళ్ళాడు. శక్తి లేని కొడుకు నదులు వ్యర్థమని వాదించలేదు, సాకులు చెప్పలేదు, ఉన్నచోటి నుంచి చేయగలిగింది అడిగి తెలుసుకున్నాడు. శక్తి ఉన్నవాడు వెళ్ళాలి, లేనివాడు అడగాలి. పెద్దలు వేములవాడను, ద్రాక్షారామాన్ని దక్షిణకాశి అన్నది కూడా ఇలాంటి దయతోనే. ఇక్కడివారు కూడా మన పక్కనున్న విక్లో కొండల్లోని గ్లెండలాక్‌కు ఏడుసార్లు వెళ్తే రోముకు ఒకసారి వెళ్ళినట్టని చెప్పుకునేవారు. ఈ ఏడు వెళ్ళలేకపోతే ప్రతి ఆదివారం ఒకే వేళకు, పక్కన వేరే పని పెట్టుకోకుండా, అరగంట ఫోనులో కూర్చోవడం కూడా ఒక ప్రదక్షిణమే.

కనుక ఈ దసరాకు ఒక చిన్న పని చేయండి. టికెట్ల ధరలు చూడకముందే, కుటుంబమంతా ఒకచోట కూర్చుని ఒక కాగితం తీసుకోండి. ఇక్కడివారి పేర్లు, అక్కడివారి పేర్లు, రెండు వైపుల పెద్దల పేర్లు రాయండి. ఒక్కొక్క పేరు పక్కన వారు కోరుకునేది ఏమిటో, అది ఎంతకాలం ఆగగలదో రాయండి. తెలియని చోట ఫోను చేసి అడగండి. పిల్లలను కూడా రాయనివ్వండి. అమ్మమ్మకు ఎన్నేళ్ళో కాగితం మీద తమ చేత్తో రాసిన పిల్లలు, స్పెయిన్ వచ్చే ఏడు వెళ్దామని తామే అనవచ్చు. అనకపోయినా ఫరవాలేదు, లెక్క వాళ్ళకు తెలిసింది.

జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకునే అదృష్టం ఈ ఏడు ఎవరెవరికి ఉందో వారు వెళ్ళి రండి. మిగిలినవారు వచ్చే ఏడు దసరాకు ఎవరి చేతిలో పెట్టాలో ఇప్పుడే అనుకుని, ఆ సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోండి. అదే మన కాలపు పరస్థానం.

అందరి ప్రయాణాలూ క్షేమంగా, శుభంగా జరగాలని ఆ విఘ్నేశ్వరుణ్ణి ప్రార్థిస్తున్నాము. శుభం.